పైతాన్ అనే వ్యక్తి చెప్పగా

తొమ్మిదికి ఇంకా ఎనిమిది నిమిషాలుంది, స్టేషన్ గోడ మీది గడియారం సరైనదే అయితే. నా చేతి గడియారం ఆరు నిమిషాలే అంటోంది. నాది నిన్ననే రాజోలులో, నేను పాఠాలు చెప్పే కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో సరిచేసుకున్నది. రెండు నిమిషాల తేడా ఇక్కడ ఎవరికీ పట్టదు, నీళ్ళకి పడుతుంది. నలభై నిమిషాలుగా ఈ బల్ల మీద కూర్చున్నాను. ఎదురుగా కిటికీ, కిటికీ అవతల స్టేషన్ ఆవరణ, అక్కడ ఎండలో నేను వచ్చిన ఆటో, దాని వెనక సీట్లో గోనెపట్టా కప్పిన చైన్ పుల్లీ. మూడు టన్నుల బరువు లేపుతుందది. రైసుమిల్లు వర్క్‌షాపులో బతిమాలి ఒక్కరోజుకని తెచ్చాను. మొగలిలంక మురుగు డ్రెయిన్ సముద్రంలో కలిసేచోట, స్లూయిస్ మీద మా నాన్న ఈపాటికి దానికోసం గట్టు వైపు చూస్తూ ఉంటాడు. తొమ్మిదీ నలభైకి పోటు నిండుగా ఉంటుంది. అప్పటికి నీళ్ళు పోయే ఐదు ఖానాల తలుపులూ దిగి ఉండాలి. దారిలో సెంటర్ దగ్గర చెయ్యడ్డం పెట్టి ఆటో ఆపాడు కానిస్టేబుల్ కనకరాజు. "ఒక్క నిమిషం స్టేషన్‌కి వచ్చి వెళ్ళిపోదురుగానండి" అన్నాడు. నన్ను అరెస్టు చేశారా అని అడిగాను. "అబ్బే, అదేం మాటండీ. ఊరికే కూర్చోబెట్టేం." అయితే వెళ్తానండి అన్నాను. "ఆయ్, వెళ్ళకూడదండి" అన్నాడు, అంతే మర్యాదగా. ఆ మర్యాద ఉంది చూశారా, దానికి నా ఒళ్ళు మండిపోతోంది. కసిరినా తిరిగి ఒక మాట అనొచ్చు. టీ తాగుతారా, ఫ్యాన్ వేయమంటారా అని అడిగే మనిషిని ఏమంటాం.

నేను చేసిన నేరం టేబుల్ మీద పేపర్‌వెయిట్ కింద ఉంది. జిరాక్స్ కాగితం. రెండు వందలు తీయించి మొగలిలంకలో, చుట్టుపక్కల మూడు ఊళ్ళలో అంటించాను. 'జనవరి పది సోమవారం అమావాస్య. ఆ రోజు చంద్రుడు భూమికి బాగా దగ్గరగా వస్తాడు. అందువల్ల పదకొండు, పన్నెండు తేదీల్లో పోటు మామూలు అమావాస్య పోటుకంటే ముప్పాతిక అడుగు ఎక్కువ ఉంటుంది. ఇది సునామీ కాదు. ఎవరూ భయపడనక్కర లేదు, ఇళ్ళు వదలనక్కర లేదు. స్లూయిస్ తలుపులు వేయకపోతే మాత్రం డ్రెయిన్ గుండా ఉప్పునీరు దాళ్వా ఆకుమడుల్లోకి వస్తుంది. తలుపులు వేయడానికి ఇంటికొకరు రండి.' ఇంతే. దీన్లో ఏ ముక్క అబద్ధం? ఏ ముక్క అర్థం కానిది? మొత్తం కాగితంలో వీళ్ళ కళ్ళకి కనిపించింది సునామీ అన్న మూడక్షరాలు. పక్కనే ఉన్న 'కాదు' కనిపించలేదు. పదహారు రోజుల కిందట సముద్రం లేచి మనుషుల్ని తీసుకుపోయింది, నిజమే. ఆ మాట వింటేనే జనం మూటలు సర్దుకుంటున్నారు, అదీ నిజమే. అందుకే గదా కాదు అని రాశాను. డిసెంబర్ ముప్పయ్యిన టీవీలో హెచ్చరిక చెప్పారు, మళ్ళీ వస్తుందని. మా వీధి వీధంతా పిల్లల్ని చంకనేసుకుని మెయిన్ రోడ్డు మీదికి పరుగెత్తింది, బాలింతలతో సహా. ఏమీ రాలేదు. ఆ హెచ్చరిక పంపిన పెద్దల్లో ఎవరినైనా ఇలా బల్ల మీద కూర్చోబెట్టారా? వాళ్ళది పొరపాటు. నాది వదంతి.

ఎస్సై గారు ఇంకా రాలేదు, స్నానం చేస్తున్నారట. తొమ్మిదయింది. పోటు ఈపాటికి గేజి మీద నాలుగడుగులు దాటి ఉంటుంది. గేజి అంటే స్లూయిస్ గోడకి బిగించిన కొలబద్ద. అడుగులు, అంగుళాలు, తెల్ల రంగు మీద నల్ల గీతలు. నాకు అంకెలు నేర్పింది బడి కాదు, ఆ గోడే. మా నాన్న ఎర్రయ్య ఆ స్లూయిస్‌కి లస్కరు. ఇరవైమూడేళ్ళు ఆ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. పోటు వస్తుంటే దించాలి, పాటు మొదలవగానే ఎత్తాలి, చేలల్లో మురుగునీరు సముద్రానికి పోవాలి, సముద్రం నీరు చేలల్లోకి రాకూడదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. జ్వరమొచ్చినా, ఇంట్లో చుట్టాలున్నా అంతే. చూసిన ప్రతిసారీ గేజి ఎంతుందో ఒక పుస్తకంలో రాసేవాడు. పైవాళ్ళు రాయమన్న దానికంటే ఎక్కువే రాసేవాడు, గాలి ఎటునుంచి వీస్తోంది, నీటి రంగేమిటి అన్నీ. తొంభైఆరు నవంబర్ తుపాను రాత్రి ఇంటికి రాలేదు. అమ్మా నేనూ కొబ్బరి దుంగ కింద ఇరుక్కున్న మేకల్లా బడి వరండాలో గోడకి అతుక్కుని తెల్లార్లూ కూర్చున్నాం. పొద్దున్న ఆయన వస్తే ఒంటి మీద బట్ట లేదు, తల మీద పాలిథిన్ సంచిలో చుట్టిన పుస్తకం ఉంది. ఆ రోజు పేజీలో 'గేజి మునిగింది' అని ఒకే ముక్క. మరుసటి ఏడు రిటైరయ్యాడు. ఆయన స్థానంలో ఇంకెవర్నీ వేయలేదు. తలుపులకి ఎనిమిదేళ్ళుగా గ్రీజు లేదు. ఆయన మాత్రం సాయంత్రం పూట వెళ్ళి గేజి చూసొచ్చేవాడు, పోయినవాళ్ళ సమాధి దగ్గరికి వెళ్ళినట్టు. ఆ పుస్తకాలు పదిహేడు. నాలుగు నా సంచిలో ఉండేవి. ఇప్పుడు కనకరాజు బీరువా మీదున్నాయి. వాటిని కూడా ఎందుకు తీసుకున్నారో అడిగాను. "ఉంటాయ్ లెండి, ఎక్కడికీ పోవు" అన్నాడు.

పైథాన్ అనే కంప్యూటర్ భాష నాకు దొరకడం కూడా ఎవరూ పట్టించుకోని సంగతే. ఇన్‌స్టిట్యూట్‌లో నేను చెప్పేది టాలీ, ఎమ్మెస్ ఆఫీసు, కొంచెం సీ. ఒక కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో ఆ భాష ఉంది. మధ్యాహ్నం పిల్లలు వెళ్ళాక, కరెంటున్న రోజున, ఒక్కదాన్నే కూర్చుని నేర్చుకున్నాను. నాలుగు వరసలు రాస్తే చాలు, గ్రహం పేరూ తేదీ ఇస్తే అది ఆకాశంలో ఎక్కడుంటుందో, మనకెంత దూరంలో ఉంటుందో చెప్పే సరంజామా దానికి ఎవరో తయారుచేసి ఉంచారు. మొదటిరోజు శనిగ్రహం అడిగాను. తరవాత గురుడు. సాయంత్రం బస్సు దిగి నడుస్తూ అది చెప్పిన చోటే తల ఎత్తి చూస్తే ఉన్నాడు, కొబ్బరాకుల సందులో, చెప్పిన చోటే. ఆ సంతోషం ఎవరితో చెప్పుకోను? నాన్నతో చెప్పాను. ఆయన గురుడి గురించి ఏమీ అనలేదు. "చంద్రుణ్ణడుగు" అన్నాడు. "కొన్ని నెలలు పోటు ఎందుకంత పెద్దదవుతుందో నాకు ఇరవైమూడేళ్ళు తెలీలేదే. చంద్రుడు లావుగా కనపడ్డ నెల్లో పెరుగుద్దని మాత్రం అనుకునేవాణ్ణి." అప్పుడు కూర్చున్నాను. తొమ్మిదేళ్ళ గేజి లెక్కలు, రోజుకి రెండు, నాన్న దస్తూరీ చూస్తూ కొట్టాను. పక్క గడిలో అదే రోజు చంద్రుడి దూరం పైథాన్ నింపింది. నమ్మకం చాలక, అమెరికాలో అంతరిక్ష పరిశోధన చేసేవాళ్ళ కంప్యూటర్‌కి వాళ్ళు చెప్పిన పద్ధతిలో ఒక మెయిల్ పంపాను. అడిగిన రోజులన్నిటికీ చంద్రుడి స్థానాలు పట్టికగా తిరిగొచ్చాయి. నా అంకెలకీ వాటికీ తేడా వెంట్రుకవాసి. అమావాస్యో పౌర్ణమో వచ్చి, అదే రోజున చంద్రుడు బాగా దగ్గరగా కూడా వస్తే నాన్న గేజి ముప్పాతిక అడుగు లేచేది. ప్రతిసారీ. తొంభైమూడు మార్చి ఎనిమిది, పౌర్ణమి, మూడు లక్షల యాభైఆరువేల ఐదువందల చిల్లర కిలోమీటర్లు. మర్నాడు నాన్న రాసింది 'ఐదడుగుల రెండంగుళాలు, తలుపు పైఅంచుకి నాలుగు వేళ్ళు వెలితి'. ఆ పేజీ దొరికిన రోజు నా వేలు ఆయన అక్షరం మీద పెట్టి చాలాసేపు తీయలేకపోయాను. ముందుకి నడిపిస్తూ పోతే మళ్ళీ అంత దగ్గరగా వచ్చే రోజు కనిపించింది. రెండువేల ఐదు జనవరి పది. ఈసారి అమావాస్య. నాన్నకి చెబితే "అమావాస్య చంద్రుడు కనపడడు కదే. కనపడనివాడు దగ్గరికొచ్చేడంటే ఎవడు నమ్ముతాడు" అన్నాడు.

నమ్మరని నాన్నకి తెలుసు. నాకు తెలీదు. ముప్పయ్యేళ్ళు వస్తున్నా, అంకెలు చూపిస్తే మనుషులు నమ్ముతారనే అనుకున్నాను. డిసెంబర్ మొదట్లోనే డ్రెయిన్ల ఆఫీసుకి వెళ్ళాను, సునామీకి ముందే. ఇంజనీరు గారు గ్రాఫు చూసి బాగుందమ్మా, ప్రాజెక్టా అన్నారు. తలుపుల సంగతి అడిగితే పైకి రాస్తామన్నారు. మూడుసార్లు తిరిగాను. మూడోసారి కుర్చీ కూడా చూపించలేదు. అసలు మూడు ఖానాల తలుపులు ఎందుకు పైకే ఉండిపోయాయో ఆయనకి తెలీదా? తలుపులు ఎత్తి, కింద తాటి దుంగలు పెట్టి, ఏళ్ళ తరబడి దించకుండా చేసింది బాబూరావు. డ్రెయిన్ పొడుగునా రొయ్యల చెరువులు ఆయనవి. పోటుతో వచ్చే ఉప్పునీరు ఆయనకి కావాలి. చేలవాళ్ళకి అక్కర్లేదు. తలుపు కొంచెం పైకి లేపి దుంగ తప్పిస్తే దిగిపోతుంది, ఆ లేపడానికే చైన్ పుల్లీ. ఇదిగో, మాటల్లోనే వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో సెల్‌ఫోన్. కనకరాజు లేచి కుర్చీ వేశాడు. నాకు బల్ల, ఆయనకి కుర్చీ. ఇద్దరం పిలిస్తే వచ్చినవాళ్ళమే అనుకోవాలి గాబోలు. "ఏమ్మా లక్ష్మీదుర్గా, నాన్నగారు కులాసానా" అన్నాడు. నేను కిటికీలోంచి ఆటో వైపు చూశాను. ఫిర్యాదు రాసిచ్చింది ఆయనేనని ఆ పలకరింపులోనే తెలిసింది.

తొమ్మిదీ పదిహేను. ఎస్సై గారు వచ్చారు, తల తడిగా ఉంది. ఈ ప్రాంతం మనిషి కాదు, అండీ గిండీ లేదు. "సునామీ వస్తుందని కాగితాలు పంచావంట." సునామీ కాదని రాశానండి, చదవండి అన్నాను. "కానప్పుడు ఆ మాటెందుకు రాయడం? రాయకపోతే ఎవరికీ గుర్తే రాదు కదా." నా పుల్లీ వదిలేయండి, నన్ను సాయంత్రం దాకా కూర్చోబెట్టుకోండి, ఆటో ఒక్కటి పంపేయండి అన్నాను. ఆయన బాబూరావు వైపు చూశాడు. "అదే కదండీ, సర్కారు తలుపుల మీద ప్రైవేటు మనుషులు చెయ్యేస్తే ఎలాగండి" అన్నాడు బాబూరావు. ఎనిమిదేళ్ళుగా ఆ తలుపుల కింద ఉన్న దుంగలు సర్కారువా అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. ఎస్సై టేబుల్ మీద చేత్తో తట్టాడు. "చంద్రుడు దగ్గరికొస్తాడని నీకెవరు చెప్పారు?" పైథాన్‌లో చూశానండి. "ఎవరది?" బాబూరావు నవ్వాడు, "కొండచిలువండి. మా వాడి పుస్తకాల్లో చూసేను." కనకరాజు రాసుకుంటున్నాడు. రాసి చదివాడు. 'ఎర్రయ్య గారి కుమార్తె లక్ష్మీదుర్గ అను నేను, పైతాన్ అనే వ్యక్తి చెప్పగా విని, సముద్రము పొంగునని ప్రజలను భయభ్రాంతులకు గురిచేసినాను. ఇకపై ఇట్టి వదంతులు వ్యాపింపజేయనని ఇందుమూలముగా...'

"పైథాన్ మనిషి కాదండి. కంప్యూటర్ భాష. అందులో అడిగితే చంద్రుడు ఎక్కడుంటాడో చెబుతుంది."

"చెబుతుందంటున్నారు కదండీ. చెప్పేదాన్ని మేం వ్యక్తనే రాస్తామండి" అన్నాడు కనకరాజు. ఎగతాళి లేదు, నిజంగానే అన్నాడు.

సంతకం పెట్టేస్తే వెంటనే వెళ్ళిపోవచ్చట. తొమ్మిదీ ఇరవైరెండు. ఇప్పుడు బయల్దేరితే ఆటోలో పది నిమిషాలు, పుల్లీ బిగించడానికి ఇంకో ఐదు, ఒక ఖానా అయినా మూయొచ్చు. ఒక ఖానా మూసినా, రెండో పంటకి నారు పోసిన మడులు ఎన్ని బతుకుతాయి? పెన్ను తీసుకున్నాను, నిజం చెబుతున్నాను, తీసుకున్నాను. ఆటో పంపిస్తారా అని అడిగాను. "నువ్వెళ్ళచ్చు. ఆ పుల్లీ ఇక్కడే ఉంటుంది" అన్నాడు ఎస్సై. పెన్ను కింద పెట్టేశాను. పుల్లీ లేకుండా వట్టి చేతుల్తో వెళ్ళడానికి, ఇరవైమూడేళ్ళ నాన్న రాతని వదంతి అని ఒప్పుకోవాలా? నాలుగు వందల ఏళ్ళుగా ఎందరో రాత్రిళ్ళు మేలుకుని లెక్క కట్టిన చంద్రుడి దారిని, ఎవడో పైతాన్ చెవిలో ఊదిపోయిన పుకారని రాసివ్వాలా? పెట్టనండి అన్నాను. ఎస్సై లేచి లోపలికి పోయాడు. "ఆలోచించుకోండమ్మా, తొందరేం లేదు" అన్నాడు కనకరాజు. తొందర లేదట.

తొమ్మిదీ ముప్పైమూడు. ఈగ ఒకటి టీ గ్లాసు అంచున తిరుగుతోంది. బాబూరావు ఫోన్‌లో రొయ్యపిల్లల లారీ గురించి మాట్లాడుతున్నాడు. కిటికీలోంచి చూస్తే ఎండ, గాలే లేదు, ఆకు కదలడం లేదు. ఇలాంటి పొద్దున సముద్రం లేస్తుందంటే నేనే నమ్మను. తొమ్మిదీ ముప్పైఎనిమిది. తప్పయితే? తొమ్మిదేళ్ళ లెక్కల్లో ఎక్కడో ఒక అంకె తప్పు కొట్టి ఉంటే? గాలి ఉన్న రోజులకీ లేని రోజులకీ తేడా చూశానా? తొమ్మిదీ నలభై. ఫోన్ మోగలేదు. ఎవరూ పరుగెత్తుకుంటూ రాలేదు. బాబూరావు తన గడియారం చూసుకుని నా వైపు చూసి చిన్నగా నవ్వాడు, పోటు నిండే టైము ఆయనకీ తెలుసు. ఆ నవ్వు చూసి నా లోపల ఏదో లేచింది. రా, అన్నాను. పైకి కాదు. రావే, వచ్చి వీళ్ళ ముఖం మీద కొట్టు, గేజి ముంచెయ్, రోడ్డెక్కు, రా. పళ్ళు బిగించి, పిడికిళ్ళు బిగించి, తొమ్మిదీ నలభైనాలుగు దాకా నేను ఉప్పునీటిని పిలిచాను. తరవాత, ఎవరో చల్లనీళ్ళు కొట్టినట్టు, ఎక్కడికి రమ్మంటున్నానో తెలిసింది. మా పక్కచేను సూర్యకాంతం గారి ఆకుమడిలోకి. మా అర ఎకరంలోకి. నాన్న నడుం లోతు నీళ్ళలో నిలబడి ఉన్న చోటికి. నా లెక్క తప్పని తేలి, ఊరంతా నవ్వి, ఆకు పచ్చగా మిగలాలని కోరుకోవాల్సినదాన్ని నేను. గంటన్నరసేపు బల్ల మీద కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అండీ అని పిలిచి, నన్ను ఇలాంటి మనిషిని చేశారు వీళ్ళు. సంతకం కోసం కాదు, పుల్లీ కోసం కాదు, దీనికి మాత్రం వీళ్ళని జన్మలో క్షమించను.

ఫోన్ తొమ్మిదీ యాభైరెండుకి మోగింది. కనకరాజు తీశాడు. "ఆయ్... ఆయ్... మొగలిలంకేనాండి. రోడ్డు మీదికా... మడులేవీ కనపట్టం లేదా?" నా వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. నాకు సంతోషం వేస్తుందని భయపడ్డాను, వేయలేదు. బాబూరావు కుర్చీ ఖాళీగా ఉంది, ఎప్పుడు లేచాడో చూడలేదు. ఎస్సై టోపీ పెట్టుకుంటూ బయటికొచ్చాడు. "ఇంకా పెరుగుతుందా మేడమ్?" మేడమ్. ఇప్పటికి నిండిందండి, పావుగంటలో నీరు తీయడం మొదలవుతుంది అన్నాను. "మళ్ళీ వస్తుందా?" వస్తుందండి, రాత్రికి. "పుల్లీ ఉంటే తలుపులు పడతాయా?" బీరువా దగ్గరికి వెళ్ళి నాలుగు పుస్తకాలూ దించుకుని సంచిలో పెట్టుకున్నాను. కనకరాజు రసీదు గురించి ఏదో అనబోయి మానేశాడు. ఇద్దరు కానిస్టేబుళ్ళు పుల్లీని ఆటోలోంచి జీపులోకి మార్చారు, పసిపిల్లని మోసినట్టు జాగ్రత్తగా.

జీపులో ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి ఎస్సై అన్నాడు, "ఇదంతా ముందే మా దృష్టికి తెచ్చి ఉంటే బాగుండేది మేడమ్." రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. మలుపు తిరిగితే చేలు కనిపించాలి. చేలు లేవు. గట్ల తలలు గీతల్లా ఉన్నాయి, మధ్యలో ఎండకి మెరుస్తూ బూడిదరంగు నీళ్ళు, అక్కడక్కడ ఆకు కొసలు. ఒక మడిలో సూర్యకాంతం గారు ఒక్కరే మోకాలి లోతున వంగి, నీళ్ళ కింద చేతులు పెట్టి గుప్పిళ్ళ కొద్దీ ఆకు పీకి గట్టు మీదికి విసురుతున్నారు. జీపు ఆపమన్నాను. పుల్లీ మా నాన్నకివ్వండి, ఆయన ఎలా చెబితే అలా చేయండి అని దిగాను. చెప్పులు గట్టు మీద వదిలేసి, పంజాబీ డ్రస్సు మోకాళ్ళ పైకి లాక్కుని మడిలోకి దిగాను. నీళ్ళు చల్లగా లేవు. ఆవిడ తలెత్తారు.

"ఎనిమిది మందే వచ్చేరమ్మా. మా ఆయనా వెళ్ళేరు. రెండు ఖానాల తలుపులు దింపి ఇసక బస్తాలేసి ఆపేరు, దుంగలున్న మూడూ ఆపలేకపోయేరు. మీ చేను మునిగిపోయింది. మీ నాన్న ఇటు తిరిగి చూళ్ళేదు, అక్కడే ఉన్నాడు."

"ఇప్పుడు పీకి మంచినీళ్ళలో కడిగితే బతుకుతుందా అండి?"

"సగం బతికినా చాలు. ఆ కట్టలు మంచినీళ్ళ కాలువ దగ్గరికి చేరేసేవాళ్ళు లేరు."

రోడ్డు మీంచి ఎస్సై పిలుస్తున్నాడు, రాత్రి ఎన్నింటికన్నారు మేడమ్ అని. పదింటికి, ఇంకో అంగుళం ఎక్కువ అని వెనక్కి తిరక్కుండానే చెప్పాను. రాసుకుంటున్నాడో లేదో చూడలేదు. సూర్యకాంతం గారు మళ్ళీ వంగారు. నేను గట్టు మీది ఆకు గడ్డితాడుతో కట్టగా కట్టి నెత్తికెత్తుకుని కాలువ వైపు నడిచాను, ఉప్పునీళ్ళు మెడ మీదుగా వీపులోకి కారుతుంటే.